చుక్కలు గీకేసిన గడ్డివాములు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. నవ్వొస్తే నవ్వండి, నాకేం కోపం లేదు. ఆ రోజుల్లో తెలంగాణ కోసం ఎప్పుడు ఏ రోడ్డు మూతపడుతుందో ఎవరికీ తెలిసేది కాదు. నేనేమో జోగిపేట పక్క పల్లె నుంచి వచ్చి, పట్నంలోని కొత్తగూడలో కంప్యూటర్ ఉద్యోగాల వాళ్ల పిల్లలు చదివే చిన్న మాంటిస్సోరి బడిలో ఆయమ్మగా చేరి నెల కూడా కాలేదు. బడి నడిపే టీచరమ్మ కోస్తా మనిషి. పసిపిల్లలకు లోకమంతా పేరున్న ఒక పరదేశపు చిత్రకారుణ్ణి పరిచయం చేస్తానని ఆయన బొమ్మలతో కార్డులు చేయించింది. ఆ పెద్దమనిషి పేరు నా నోట పలకలేదు, ఇప్పటికీ పలకదు. నాకాయన గడ్డివాముల ఆయన. ఎనిమిది బొమ్మల్లోనూ గడ్డివాములే మరి! (ఒక్కటీ సరిగ్గా కుదరక ఇన్నిసార్లు గీశాడేమో పాపం అనుకున్నాను.) ఒక్కో బొమ్మకు రెండేసి కార్డులు, అన్నీ కలిపేస్తే పిల్లలు మళ్లీ జంటలు వెతకాలి.

శనివారం తల్లిదండ్రులు చూడటానికి వస్తారు, సామానంతా అద్దంలా తుడవమంది టీచరమ్మ. వాళ్లకు నచ్చితేనే వచ్చే ఏడాదికి పేర్లు రాయిస్తారు. లేకపోతే బడి మూతపడుతుంది, నా కొలువూ ఊడుతుంది. ప్రాణం పెట్టి తుడిచాను. కార్డుల వెనక రంగురంగుల గుండ్రటి కాగితాలు అంటించి ఉంటే, కొట్టువాడి ధర చీటీలనుకుని గోటితో గీకి, కిరోసిన్ గుడ్డతో రుద్ది మరీ తీసేశాను.

శనివారం పొద్దున తల్లిదండ్రులు పక్క అపార్ట్‌మెంట్ల నుంచి నడిచొచ్చి కూర్చున్నారు. టీచరమ్మ రాలేదు, ఫోను వచ్చింది.

"హఫీజ్‌పేట్ దగ్గర ఆగిపోయానమ్మా. రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నువ్వే మొదలుపెట్టు. జంటలు కుదిరాయో లేదో కార్డుల వెనక రంగు చుక్కలు చూసుకో."

"చుక్కలా? అవి నిన్ననే గీకి పారేసిన గద మేడమ్!"

"అయ్యో, తప్పో ఒప్పో పిల్లలకు చెప్పేవి అవేనమ్మా!"

ఆ పొయ్యిల దగ్గర గరిటె తిప్పుతున్నది, వంటావార్పుకని పొద్దున్నే వెళ్లిన మా ఇంటాయనే. వెంటనే ఫోను చేశాను. "ఏమయ్యా, మా టీచరమ్మకు జర తొవ్వ ఇడువుండ్రి. నా కొలువు పోయేటట్టున్నది!"

"తొవ్వ ఇడిచేది లేదు. ఆకలైతే కూసోమను, కిచిడీ పెడ్త," అన్నాడు. తల బాదుకున్నాను.

ఇక పిల్లలు! ఒకడు కార్డుతో విసురుకుంటున్నాడు, ఒకతె వామును నాకి రుచి చూస్తోంది. "నాకకు బిడ్డా, గడ్డి తినేటియి బర్రెలు!" అని లాక్కుని, గొంతు పెంచి నాకొచ్చిన విద్యే మొదలుపెట్టాను. "ఇది పాలు పిండే యాళ్ల. ఇది సద్ది తినే యాళ్ల. ఇగ ఇది పొద్దుగూకే యాళ్ల." (మంచు కప్పిన వామును చూపించి, దీనిమీద దూది ఆరేశారన్నాను. మంచు నేనెక్కడ చూశాను?) ఎనిమిది జంటలూ పేర్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు లేచాడు బుగ్గలోడు. మూడేళ్లవాడు, మనిషంతా బుగ్గలే.

"ఆయమ్మా, ఇవి రెండూ ఒకటి కాదు."

"నువ్వు ఊకో. నేను పుట్టింది పెరిగింది వాముల నడుమనే."

"దీని నీడ అటుంది. దీనిది ఇటుంది."

అంటూనే రెండు జంటల్లోంచీ ఒక్కో కార్డు తీసి అటుదిటు మార్చేశాడు. చూద్దును కదా, పొద్దుపొడుపుకీ పొద్దుగూకడానికీ జంట కట్టేశాను నేను! జన్మలో వామును చూడనివాడు దిద్దాడు. ఒకపక్క ఒళ్లు మండుతోంది, ఒకపక్క కొలువు పోయినట్టే అనుకుంటున్నాను, ఇంతలో వెనక చప్పట్లు. "కావాలనే తప్పు పెట్టి పిల్లాడితో దిద్దించారు, ఎంత బాగుందండీ!" అంది వాడి తల్లి. అవునన్నట్టు తలూపాను. (ఆ అబద్ధం ఇవాళ మీ దగ్గరే ఒప్పుకుంటున్నా.)

టీచరమ్మ మధ్యాహ్నానికి వచ్చింది, కిచిడీ తినే వచ్చింది. అప్పటికే అందరూ పేర్లు రాయించి వెళ్లారు. చుక్కలు లేకుండానే బుగ్గలోడు దిద్దాడని విని, ఆమె మళ్లీ చుక్కలు అంటించలేదు. కార్డులకు కిరోసిన్ వాసన మాత్రం ఏడాదంతా పోలేదు.

ఇప్పటికీ ఊరికి వెళ్తే, వాము కనబడగానే ముందు నీడ ఎటుందో చూస్తాను. ఎన్నేళ్లు ఆ నీడలో కూర్చుని సద్ది తిన్నాను, ఒక్కనాడూ దాన్ని చూడలేదు కదా అని నవ్వొస్తుంది. మీ ఇంట కూడా పెద్దల తప్పు పట్టేంత చురుకైన కళ్లున్న పిల్లలు తిరుగాడాలి. వాళ్ల మాట వినే ఓపిక మీకుండాలి. మీ పొయ్యి మీద కిచిడీ ఎప్పుడూ ఇంకో మనిషికి సరిపోవాలి.