గాజుకు భయపడిన వజ్రం

హిందూపురంలో మాకు పదో తరగతిలో రసాయనశాస్త్రం చెప్పిన సారుకు పాఠం కంటే వేలికున్న వజ్రపుటుంగరం ముఖ్యం. బోర్డు మీద రాసేటప్పుడు ఆ వేలిని, తడి ఆరని గోరింటాకు పెట్టుకున్నట్టు, సుద్దముక్కకు తగలకుండా ఎత్తి పట్టుకునేవాడు. ఇక కార్బన్ పాఠం వచ్చిందంటే ఆయనకు పండగే. "ఒక్కో కార్బన్ నాలుగు కార్బన్లను పట్టుకోనుంటాది. అందుకే లోకంలో దీనికన్నా గట్టిది లేదు" అంటూ ఉంగరాన్ని బెంచీ బెంచీకీ చూపించేవాడు. అదే కార్బన్‌తో అయ్యే నానోట్యూబుల పేజీ రాగానే మాత్రం "ఇవి కంటికి కనపడవు, వదిలేయండి" అని తిప్పేసేవాడు.

ఒకరోజు రొళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి లేచింది.

"సార్, వజ్రం గాజును కోస్తాదంటారు గదా. ఆ పగిలిన కిటికీ అద్దం మీద ఒక్క గీత గీసి చూపియ్యండి సార్."

సారు చెయ్యి జేబులోకి పోయింది.

"ఏం మే, ఉంగరం అరిగిపోతే మీ నాయన కొనిస్తాడా?"

పీరియడ్ అయ్యేదాకా ఆమెను నిలబెట్టాడు.

తర్వాతి పరీక్షలో వజ్రం ఎందుకు గట్టిదో రాయమని ఆయనే అడిగాడు. ఆ అమ్మాయి బొమ్మ వేసి, నాలుగు బంధాలూ వివరించి, చివర ఒక వాక్యం చేర్చింది: "అయితే మా సారు వజ్రం గాజుకు అరిగిపోతుంది."

పేపర్లు ఇచ్చినప్పుడు అందరం ఎగబడి చూశాం. ఆ వాక్యాన్ని తప్పని కొట్టే ధైర్యం ఆయనకు లేకపోయింది. కింద ఎర్ర పెన్నుతో ఒక గీత గీసి వదిలేశాడు. ఆయన గీయగలిగిన గీత అదొక్కటే.