బజ్జీ లేని ఉగ్గాని

మా చెల్లెలికి నా కిడ్నీ ఒకటి ఇవ్వాలంటే ముందు నేను పదమూడు కిలోలు తగ్గాలని డాక్టరు చెప్పినప్పుడు, "ఓస్, అంతేనా సార్" అన్నాను. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

చెల్లెలు నాకన్నా ఏడేళ్లు చిన్నది. కాపురం జమ్మలమడుగులో. రెండు కిడ్నీలూ చెడిపోయి, వారానికి మూడు రోజులు డయాలసిస్ కోసం మా ప్రొద్దుటూరు వచ్చేది. బావ సింహాద్రిపురం పక్క పల్లెలో టీచరు. పులివెందులలో గది తీసుకుని ఉంటాడు, ఆదివారాలే ఇంటికి వస్తాడు. అందుకని పొద్దున్నే బస్సు దిగే చెల్లెల్ని స్కూటర్ మీద ఆసుపత్రికి తీసుకుపోయి, నాలుగు గంటలు అక్కడే ఉండి, మళ్లీ బస్సెక్కించడం నా వంతు. ఆ తర్వాతే రిజిస్ట్రారు ఆఫీసు ముందు నా బల్ల దగ్గరికి పోయేవాణ్ణి. దస్తావేజులు రాసి బతికే మనిషిని నేను.

ఇంట్లో అందరికీ పరీక్షలు చేస్తే నాదే కలిసింది. రక్తం బాగుంది, గుండె బాగుంది, షుగరు లేదు. అడ్డమొచ్చింది నా పొట్ట. తొంభై ఒక్క కిలోలున్నాను. డెబ్బై ఎనిమిదికి రాకుండా కత్తి పెట్టనని పెద్దాసుపత్రి డాక్టరు తేల్చి చెప్పాడు. నాలుగు నెలలు గడువిచ్చి, తిండి సంగతి మాట్లాడమని పక్కగదికి పంపాడు.

ఆ గదిలో ఉన్నది కోస్తా నుంచి వచ్చిన అమ్మాయి, మా కూతురి ఈడుది. "మొదలుపెడితే ఆపలేని తిండి ఏదో ఒకటి అందరికీ ఉంటుంది అంకుల్. మీకేది? నిజం చెప్పండి, అది పూర్తిగా మానేద్దాం" అంది.

నేను క్షణం ఆలోచించి, "ఓళిగలమ్మా" అన్నాను.

అబద్ధం. ఓళిగలు, అదే బొబ్బట్లు, మా ఇంట్లో ఉగాదికో పెండ్లికో తప్ప చేయరు. రెండు తినేసరికి నాకు మొహం మొత్తుతుంది. మా అవ్వ కాశీకి పోయినప్పుడు ఇష్టమైనదొకటి గంగలో వదిలెయ్యాలంటే కాకరకాయ వదిలేసి వచ్చింది. పుట్టి బుద్ధెరిగినాక ఆమె కాకరకాయ నోట పెట్టింది లేదు. ఆ సంగతి చెప్పుకుని మేమంతా ఎన్నోసార్లు నవ్వుకున్నాం. ఆ రోజు ఆ గదిలో నేను చేసిందీ అదే పని. అవ్వ గంగను మోసం చేసింది, నేను చెల్లెల్ని మోసం చేశాను.

"మరి పొద్దున టిఫిను?" అంది ఆ అమ్మాయి.

"ఉగ్గాని. ఉత్త బొరుగులేనమ్మా, మీ మరమరాలు."

బొరుగులైతే తేలికే కదా, నూనె తగ్గించుకుని ఒక కప్పు తినొచ్చని కాగితం మీద రాసిచ్చింది. పాపం, మా సీమ సంగతి ఆమెకేం తెలుసు. బొరుగులు తడిపి, నీళ్లు పిండేసి, పోపులో కలిపి, పైన పప్పుల పొడి చల్లితే ఉగ్గాని అవుతుంది. నిజమే. కానీ దాని పక్కన మిరపకాయ బజ్జీ లేకుండా తినేవాణ్ణి మా ఊళ్లో నేను చూడలేదు. బండి దగ్గర మమ్మల్ని బజ్జీ కావాలా అని ఎవరూ అడగరు, ఎన్ని అని అడుగుతారు. ఆ ముక్క నేను ఆ అమ్మాయికి చెప్పలేదు. ఆమె అడగలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మొదటి రెండు నెలలు నా భార్య పుణ్యమా అని ఆరు కిలోలు తగ్గాను. రాత్రి ఒక్క జొన్నరొట్టె, మధ్యాహ్నం నిమ్మకాయంత సంగటి. నిమ్మకాయంత అంటే కొంచెం ఎక్కువ చెప్తున్నాను గానీ నా కంటికి అంతే కనిపించేది. ఇల్లంతా నా మీద కాపలా. ఆసుపత్రి దగ్గర మాత్రం కాపలా లేదు.

డయాలసిస్ గదిలోకి పోయే ముందు చెల్లెల్ని మిషన్ మీద నిలబెట్టి బరువు చూసేవాళ్లు. ఆమె బరువంతా నీళ్ల బరువు. తాగిన నీళ్లు బయటికి పోయే దారి లేక ఒంట్లోనే నిలిచిపోతాయి. రోజుకు అరలీటరు దాటకూడదు. చిన్న స్టీలు గ్లాసొకటి పెట్టుకుని, దాంతో కొలుచుకుని, గుటక గుటకగా తాగేది. ఒకసారి ఎండలకు ఆగలేక ఎక్కువ తాగి వచ్చినట్టుంది, బరువు చూసి నర్సు కసిరింది. "ఒక గ్లాసే ఎక్కువ తాగినా మేడమ్" అని చెల్లెలు తల దించుకుంది. పక్కనే నిలబడి నేనూ పెద్దరికంగా, "కొంచెం ఓర్చుకోవాల పాపా" అన్నాను. అనేసి, ఆమెను మంచమెక్కించి, సందు చివర ఉగ్గాని బండి దగ్గరికి పోయాను.

బండామె మొదటి రోజే "ఎన్నప్పా?" అంది. రెండన్నాను. వారం తిరిగేసరికి నన్ను చూడగానే నాలుగు పెట్టేది. ఒకరోజు, "లోపల ఎవురప్పా?" అని అడిగింది. చెల్లెలని చెప్పాను. "అయ్యో. దిగులుతో తిండి మానొద్దప్పా, నీకూ శక్తి ఉండాల" అని ఇంకొకటి వేసింది. చెల్లెలి మీద జాలితో ఆమె వేసిన ఆ బజ్జీ కూడా తిన్నాను. నిమ్మకాయ పిండి, ఉల్లిపాయలు కూరి ఇచ్చేది. కారానికి ముక్కు కారేది. చెంబెడు నీళ్లు గటగటా తాగి, ఆసుపత్రి కొళాయి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని, పుక్కిలించి, లోపలికి పోయి కుర్చీలో కూర్చునేవాణ్ణి. వద్దనుకున్న రోజులు లేకపోలేదు. స్కూటర్ మీద వస్తూ దేవుళ్లకు మొక్కుకున్న రోజులున్నాయి. ఆమె మంచం మీద పడుకోగానే నా కాళ్లు వాటి పాటికవే బయటికి నడిచేవి. బస్తాడు ఎత్తినా బరువుండని బొరుగులు తింటే బరువెట్లా పెరుగుతానని ఇంకో పిచ్చి వాదన. దస్తావేజులో ఒక్క సర్వే నంబరు తప్పు పోనివ్వని వాణ్ణి, నా దగ్గరికొచ్చేసరికి కళ్లు మూసుకున్నాను.

ఇంట్లో బరువు చూసుకునేటప్పుడు గోడకు రెండు వేళ్లు ఆనించేవాణ్ణి. కొంచెం నొక్కితే మూడు నాలుగు కిలోలు దిగుతుంది. నా భార్య వంగి అంకె చదివి సంబరపడి చెల్లెలికి ఫోన్ చేసేది. చెల్లెలు బావకు చెప్పేది. బావ సెలవుకు దరఖాస్తు రాసి పెట్టుకున్నాడు.

నాలుగు నెలలకు నేనూ, చెల్లెలూ, బావా పెద్దాసుపత్రికి పోయాం. అక్కడి మిషన్ గది మధ్యలో ఉంది, గోడకు దూరం. ఎనభై ఎనిమిది చూపించింది. మా ఇంటి మిషనే తప్పు చూపించి ఉంటుందని బావ అన్నాడు. డాక్టరు ఏమీ తిట్టలేదు, మళ్లీ తగ్గి రండని ఫైలు మూసేశాడు. బస్సులో బావే నన్ను ఓదార్చాడు. "నీ ఒళ్లే అట్లాంటిది బావా. గాలి పీల్చినా ఊరుతుంది. నువ్వు మాత్రం ఏం చేస్తావు" అన్నాడు. నేను ఔనన్నట్టు తల ఊపాను. చెల్లెలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇంత జరిగినా బండి దగ్గరికి పోవడం మానలేదు. మానలేదు అని రాయడానికే చెయ్యి రావడం లేదు. దిగులని, కోపమని, ఇదే ఆఖరుసారని, రోజుకొక సాకు.

ఆ తర్వాత వారంలోనే ఒకరోజు డయాలసిస్ మధ్యలో చెల్లెలికి బీపీ పడిపోయింది. నర్సు నాకు ఫోన్ చేసింది. జేబులో మోగుతూనే ఉంది. చేతులు నూనె, నోట్లో బజ్జీ. తిన్నాక చూద్దాంలే అనుకున్నాను. అంతే అనుకున్నాను. తిని, నీళ్లు తాగి, సబ్బుతో చేతులు కడుక్కుని లోపలికి పోయేసరికి మిషన్ ఆపేసి, కాళ్ల వైపు మంచం ఎత్తి పెట్టారు. చెల్లెలి మొహం పాలిపోయి ఉంది. "ఎక్కడికి పోయారు సార్, అటెండరు ఉండాలని చెప్పాం కదా" అంది నర్సు.

"ఆఫీసు వాళ్లు పిలిస్తే..." అన్నాను.

నర్సు పోయినాక చెల్లెలు కళ్లు తెరిచింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"సబ్బు వాసన వస్తాందన్నా" అంది.

పట్టుకున్న చెయ్యి వెనక్కి తీసుకోబోయాను.

"దినామూ వస్తాంది. ఉత్త చేతులు ఎవురూ అన్నిసార్లు కడగరు గదా." ఆయాసపడుతూ ఊపిరి తీసుకుంది. "నేనేమీ అనను లే. ఒకటి అడుగుతా, చెప్పు. మిరపకాయ బజ్జీ తిన్నాక నీళ్లు ఎన్ని తాగుతావు?"

"పాపా..."

"చెప్పన్నా. ఊరికే అడుగుతాండా."

"ఒక గ్లాసు" అన్నాను.

చెంబెడు తాగొచ్చాను. అప్పుడు కూడా అబద్ధమే చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని, "సల్లటి నీళ్లా?" అంది. అంతకు మించి ఏమీ అడగలేదు. నేను మాత్రం ఆ కుర్చీలో కూర్చోలేక, లేచి పోలేక, నర్సులు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాను.

ఆ రోజుతో మానేశాను. ఎట్లా మానావని అడిగితే చెప్పడానికేమీ లేదు. ఆమె మంచం పక్కన కుర్చీలోంచి లేవలేదు, అంతే. మొదట్లో తొమ్మిది గంటలకు, బండి దగ్గరికి పోయే వేళకు, నోట్లో నీళ్లూరి కుర్చీ అంచుకు జరిగేవాణ్ణి. చెల్లెలు చూసి తన దుప్పటి అంచు నా చేతికిచ్చి పట్టుకోమనేది. ఇంట్లో గోడకు వేళ్లు ఆనించడం మానేసి, గది మధ్యలో నిలబడి, పెరిగింది పెరిగినట్టు చదవమన్నాను. నా భార్య ఆ అంకె చూసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే న్యాయం. అయిదు నెలలు పట్టింది. డెబ్బై ఏడుకు వచ్చాను. పాత చొక్కాలు ఒంటి మీద వేలాడుతుంటే, పెండ్లికొడుకులా ఉత్సాహంగా నేను ముందు నడవగా ముగ్గురం మళ్లీ పెద్దాసుపత్రికి పోయాం.

డాక్టరు నా బరువు చూసి మెచ్చుకున్నాడు. తర్వాత చెల్లెలి గుండె స్కాను చూశాడు. చూసి, మళ్లీ చూశాడు. గుండె బాగా నీరసించిందని, ఇంత పెద్ద ఆపరేషన్‌కు మత్తు ఇవ్వడం ప్రమాదమని, ఇప్పట్లో కుదరదని చెప్పాడు. "ఆరు నెలల ముందు వచ్చి ఉంటే చేసి ఉండేవాళ్లం" అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి అన్నది కాదు. ఫైల్లో ఉన్న సంగతి చెప్పాడు.

బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు చేయాల్సిందంతా చేసినావు బావా. మా రాత అట్లుంది" అన్నాడు. ఇప్పుడైనా చెప్పాలని నోరు తెరిచాను. చెల్లెలు నా వైపు చూసి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నేను నోరు మూసుకున్నాను. ఆమె చెప్పొద్దంది కాబట్టి చెప్పలేదని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. అదీ అబద్ధమే. చెప్పడానికి నాకు దమ్ములేదు.

ఇప్పటికీ వారానికి మూడు రోజులు తనను తీసుకుపోతున్నాను. నా బరువు డెబ్బై ఏడు దగ్గరే నిలిచింది, ఎవరికీ పనికిరాకుండా. మొన్న సూదులు గుచ్చి మిషన్ పెట్టినాక చెల్లెలు నన్ను చాలాసేపు చూసింది.

"బాగా చిక్కిపోయినావన్నా" అంది. "నాలుగు గంటలు కడుపు మాడ్చుకోని ఈడ కూచుంటే ఏమొస్తుంది. పోయి ఉగ్గాని తినిరా పో. బజ్జీలు కూడా తిను. ఇంక తింటే ఏముంది."

ఎత్తిపొడుపు కాదు. చిన్నప్పటి నుంచి నా ఆకలి ఎరిగిన మనిషి, నిజంగానే నాకు ఆకలవుతుందని అంది. ఆమె తలాపున స్టీలు గ్లాసు ఉంది, అడుగున రెండు గుటకల నీళ్లు మిగిలి ఉన్నాయి. నేను ఆకలి లేదని చెప్పి, దుప్పటి అంచు పట్టుకుని, మిషన్ ఆగే దాకా అక్కడే కూర్చున్నాను.