చంక కింద కుట్టు

ఆ వృద్ధాశ్రమంలో నేను పంతొమ్మిదేళ్లు వంట చేశాను. ఇప్పుడు ఇంట్లో ఊరికే కూర్చుంటే గుర్తొచ్చేది నా వంట కాదు, వంటగది పక్క గదిలోంచి వచ్చే కుట్టుమిషన్ చప్పుడు. బుధవారం పొద్దున్నే టైలరక్క వచ్చేది. వారమంతా చిరిగినవీ, గుండీలూడినవీ బుట్టలో ఆమె కోసం ఉండేవి. అవి కుడుతూ, గోడ ఇవతలున్న నాతో గొంతెత్తి కబుర్లాడేది. నా టీకి వంక పెట్టని రోజు లేదు, తాగని రోజూ లేదు. ఆ బుధవారాలు మళ్లీ వస్తాయంటే మోకాళ్ల నొప్పులు పక్కన పెట్టి పరుగెత్తనూ!

చేతిపని మీద ఆమెకు మహా పొగరు. అందుకే లెక్కల టీచరమ్మ మీద మండిపడింది. టీచరమ్మ అంటే పన్నెండో గదిలో పెద్దావిడ. ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పిందేమో, నేను చెంచాలు తప్పు లెక్కపెడితే ఊరుకునేది కాదు. ఆవిడ జాకెట్టు ఎడమ చంక కింద తెగి వరసగా మూడు వారాలు బుట్టలోకి వచ్చింది.

"ఏంటి టీచరమ్మా, కుస్తీలు గానీ పడుతున్నారా?" అంది అక్క, జాకెట్టు కోసం వచ్చిన ఆవిడతో.

ఆవిడ గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో నిలబడ్డ ఆయానే జవాబు చెప్పింది. "పెద్దవాళ్లు కదక్కా, ఎక్కడో తగిలించుకుంటారు."

మేమిద్దరం నవ్వాం. అదీ మా తెలివి! ఆవిడ అన్నం సగం వదిలేస్తోందని నాకు తెలుసు. చెంచాల లెక్క అడగడం మానేసిందనీ తెలుసు. వయసు మీద పడిందిలే అనుకున్నాను.

మూడోసారి అక్క పంతం పట్టింది. లావు దారంతో రెండు వరసలు కుట్టి, రెండు చేతులతో లాగి చూసి, "ఇక ఇది తెగితే నా పేరు మార్చుకుంటా," అంది.

తర్వాతి బుధవారం బుట్టలో ఆ జాకెట్టు లేదు. అక్క మురిసిపోయి, టీచరమ్మను చూసొద్దాం రమ్మని నన్నూ లాక్కెళ్లింది. ఆవిడ దుప్పటి కప్పుకుని కూర్చునుంది. ఎడమ చెయ్యి మెడకు వేలాడగట్టి ఉంది. స్నానాలగదిలో పడిందనీ, భుజం జారిందనీ ఆయా చెప్పింది. జాకెట్టు కుర్చీ మీద ఉంది. అక్క తిప్పి చూసింది. బట్ట సాగింది గానీ కుట్టు చెక్కుచెదరలేదు. ఆమె ముఖం పాలిపోయింది. నా చెయ్యి గిల్లి, ఆయాను బయటికి తీసుకెళ్లమని కళ్లతో సైగ చేసింది.

"వేణ్ణీళ్లిస్తాను రావే," అని ఆయాను వంటగదికి తీసుకెళ్లి, కావాలనే పొయ్యి దగ్గర తాత్సారం చేశాను. ఆ కాసేపట్లో తను చూసిందేమిటో అక్క తర్వాత నాకు చెప్పింది. మోచేతి పైన ఒకవైపు నాలుగు నల్లటి మచ్చలు, రెండోవైపు ఒకటి. పడితే వేళ్ల గుర్తులు పడతాయా? ఎంతో బతిమాలితే టీచరమ్మ నోరు విప్పిందట. "లేవడం ఆలస్యమైతే లాగుతుంది. ఎవరితోనైనా చెబితే ఇంకా లాగుతానంది."

అక్క వెళ్లి చెబితే మేనేజరు "నీ పని నువ్వు చూసుకో," అన్నాడు. తన పనే చూసుకుంటున్నానని అక్క అతని బల్ల మీద జాకెట్టు పరిచి, అక్కణ్ణుంచే టీచరమ్మ తమ్ముడికి ఫోన్ చేసింది. సాయంత్రానికి తమ్ముడూ పోలీసులూ వచ్చారు. ఆయా మళ్లీ మాకు కనిపించలేదు. టీచరమ్మ చెయ్యి మాత్రం మళ్లీ తల దాకా లేవలేదు. బతికినన్నాళ్లూ ఆవిడకు జడ నేనే వేశాను.

అందరూ అక్కను మెచ్చుకుంటుంటే ఆమె నా వంటగదిలో కూలబడి ఏడ్చింది. "కుట్టు తెగుంటే భుజం మిగిలేదే. నేనే తెగనివ్వలేదు." నేనెంత చెప్పినా చెవికెక్కలేదు.

అప్పట్నుంచి ఆశ్రమంలో ఎవరి జాకెట్టయినా, చొక్కా అయినా చంక కింద ఒంటి దారంతో, ఎడంగా కుట్టేది. ఎవరిది తెగి వచ్చినా ఆ గదికి వెళ్లి, అక్కడున్న ఆయాను బయటికి పంపి, వాళ్ల పక్కన కూర్చునేది. ఇదంతా కొత్త మేనేజరుకేం తెలుసు? ఒకరోజు నా ముందే చంక కింద తెగిన చొక్కా ఒకటి ఆమె ఒళ్లోకి విసిరాడు.

"ఇన్నేళ్ల అనుభవం, ఒక్క కుట్టు గట్టిగా పడదా?"

నాకు ఒళ్లు మండిపోయింది. అక్క మాత్రం తలెత్తకుండా సూదిలోకి దారం ఎక్కించుకుంది.

"తెగనీండి సార్, మళ్లీ కుడతాను," అంది.