ముందు జడ వేసుకో, తర్వాత ఏడుద్దువుగాని

మా తోటికోడలు పోయింది. శ్రావణం ముసురులో, తెల్లవారుతుండగా, బావగారు మా ఆయనకు ఫోన్ చేసి చెప్పారు. గుండె ఆగిపోయిందట. నాలుగిళ్ళ అవతల ఉండే మనిషి. ఆ నాలుగిళ్ళు దాటి పదిరోజులుగా నేను వెళ్ళలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పే ధైర్యం ఉంటుందో ఉండదో.

తోటికోడళ్ళంటే కత్తులు నూరుకుంటారని లోకం అనుకుంటుంది. మేమూ తక్కువ తినలేదు. పులుసులో బెల్లం ఎంత వెయ్యాలన్న దగ్గర మొదలుపెట్టి నెలల తరబడి మాటలు మానేసిన సందర్భాలున్నాయి. కానీ నన్ను నేను మొయ్యలేని రోజుల్లో మోసింది ఆవిడే.

నాది వానాకాలం జబ్బు. జ్వరం కాదు, జలుబు కాదు. నాలుగు రోజులు వరసగా ఎండ కనపడకపోతే చాలు, మంచం దిగలేను. పిల్లలకు క్యారేజీ కట్టలేను. అన్నం సయించదు, ఎంత పడుకున్నా నిద్ర తీరదు, ఊరికే ఏడుపొస్తుంది. ఇంట్లో వాళ్ళు నీరసం అన్నారు. మా రామచంద్రపురం వైపు నీరసానికి ఒకటే మందు, సెలైన్. వీధి డాక్టరుగారు వచ్చి కిటికీ ఊచకు సీసా వేలాడదీసేవారు. ఏటా రెండు మూడు సీసాలు ఎక్కేవి. నేను అలాగే పడి ఉండేదాన్ని.

తోటికోడల్ని అక్కా అనే పిలిచేదాన్ని. నాలుగో ఏడు అక్క అడ్డం పడింది. "ఆగండి డాక్టరుగారూ. ఈ పిల్ల ఒంట్లో నీళ్ళకి లోటేం లేదండి, పొద్దున్నించీ ఏడుస్తానే ఉంది." నా వైపు తిరిగి, "తొలకరి పడి ఆకుమళ్ళు పోసేటప్పటికి మంచం ఎక్కుతావు, దసరాకి దిగుతావు. కేలండర్ చూసుకుని వచ్చే నీరసం ఏంటే ఇది?" అంది. ఆ నెలలో నేను నవ్వింది అప్పుడే.

కళ్ళ పరీక్షకని ఇంట్లో చెప్పి రాజమండ్రి తీసుకెళ్ళింది. చూపించింది మానసిక వైద్యురాలికి. కొందరికి ఏటా ఒకే కాలంలో డిప్రెషన్ వస్తుందనీ, వెలుతురు తగ్గడం కూడా ఒక కారణం కావచ్చుననీ, ఇది బద్ధకం కాదనీ ఆవిడ చెప్పారు. మందులు మానకూడదు, పొద్దున్నే వెలుతురులో నడవాలి, వేళకు లేవాలి, వానలు మొదలవకముందే వచ్చి చూపించుకోవాలి. నాకు సగం చెవికెక్కలేదు. అక్క మాత్రం సంచీలో ఉన్న శుభలేఖ వెనక అంతా రాసుకుంది. అప్పటినుంచీ ప్రతి రోహిణి కార్తెలో మా ఇద్దరికీ రాజమండ్రి ప్రయాణమే. ఇప్పుడు బాగానే ఉన్నాను కదా అంటే, "చేను మునిగాక గట్టేస్తారా ఎవరైనా?" అనేది.

ముసురు పట్టిందంటే ఆరున్నరకల్లా వచ్చేది. ఎలా ఉన్నావని అడిగేది కాదు. కిటికీలు తెరిచి, దువ్వెన నా చేతిలో పెట్టి, "ముందు జడ వేసుకో, తర్వాత ఏడుద్దువుగాని" అనేది. జడ అయ్యేసరికి గొడుగు తెరిచి గుమ్మంలో ఉండేది. కాలవ గట్టు మీద అరగంట నడక. ఒకరోజు విసిగిపోయి అరిచాను, "నా బాధ మీకేం తెలుసండీ?" అని. "తెలీదు, నడు" అంది. మీ ఇళ్ళలోనూ ఇలా వానకి ముడుచుకుపోయే మనిషి ఉంటే, తెలీదని ఒప్పుకుని పక్కన నడిచేవాళ్ళు ఒక్కరుంటే చాలండీ.

ఈ ఏడు ముసురు పట్టాక అక్క రాలేదు. మోకాళ్ళ నొప్పని ఫోన్‌లో చెప్పింది. మాత్రలు మానలేదు కానీ మంచం మాత్రం దిగలేదు. ఆవిడకీ నేనంటే విసుగొచ్చిందనుకున్నాను. ఈ జబ్బు అలాంటివే చెబుతుంది, మనం నమ్ముతాం. మూడోరోజు నుంచీ ఆవిడ ఫోన్ ఎత్తడం మానేశాను. మోగి మోగి ఆగిపోయేది. గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఛీ, ఏం మనిషిని!

పదకొండో రోజు కార్యక్రమాలయ్యాక బావగారు నా దగ్గరికొచ్చి కూర్చున్నారు. "మోకాళ్ళు కాదమ్మా, ఆయాసం. డాక్టరు కదలొద్దన్నారు. ముసురు వెళ్ళేదాకా నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది."

ఆయనే మళ్ళీ అందుకున్నారు.

"ఆఖరి రోజు సాయంత్రం అడిగింది, నువ్వు లేస్తున్నావా అని. లేస్తంది, పొద్దున్నే గట్టు మీదికి కూడా వెళ్తందని చెప్పేశానమ్మా. ఎంత సంతోషపడిందో! 'చూశారా, ఈ ఏడు తనంతట తనే లేచింది' అని ఒకటే మురిసిపోయింది." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. "అబద్ధం ఆడానమ్మా."

నిన్న పొద్దున్న వాన పడుతూనే ఉంది. కాళ్ళు రానన్నాయి. అయినా లేచి వీధిలోకి వచ్చాను. బావగారు వాళ్ళ గేటు దగ్గర తడుస్తూ నిలబడి ఉన్నారు. గట్టు ఎక్కి వెనక్కి చూస్తే, ఇంకా అక్కడే ఉన్నారు.