నా కథలో దొంగ

తొంభైల చివర్లో నేను వారపత్రికలకు డిటెక్టివ్ కథలు రాసేవాణ్ణి. హత్యలన్నీ బొంబాయిలోనే జరిగేవి. నేనేమో రేణిగుంట దాటి ఎరగను. చివరికి ఒక సంపాదకుడికి విసుగొచ్చి, "మీ ఊళ్లో నేరాలు జరగవా?" అని కార్డు రాశాడు. ఎందుకు జరగవు! తిరుపతి బస్టాండు చుట్టూ లాడ్జీలు, పూటకో ఊరి జనం, దారిలో ఎటు చూసినా గుండ్లే. గుండు గీయించుకుని గుంపులో కలిస్తే కన్నతల్లి కూడా గుర్తుపట్టని ఊరు. దొంగకు ఇంకేం కావాలి? అన్నేళ్లూ అది తట్టని గొప్ప బుర్ర నాది.

మా ఆఫీసు ఎదుటి లాడ్జిలో గదులు ఊడ్చే పెద్దాయన ఒకడుండేవాడు. వడమాలపేట మనిషి. ఎడమ చెంప మీద కాలిన మచ్చ. చదువు రాదు. టీ అంగడి దగ్గర రోజూ కలిసేవాళ్లం. తాళం వేసిన గదిలోకి దొంగ ఎట్లా దూరతాడని ఆయన్ని అడిగాను. పాపం, నా కథ ఆగిపోతుందని రెండు రోజులు ఆలోచించి మరీ చెప్పాడు.

"బాత్‌రూం ఎనక కిటికీకి అద్దం పలకలుండాయే, ఒక్కోటి పైకి జరిపి ఊడదీయచ్చు సామీ. మళ్లా అట్లే పెట్టేస్తే ఎవురికీ తెలీదు."

కథ రాశాను. దొంగగా కూడా ఆయన్నే పెట్టాను, మచ్చతో సహా. కొత్త మనిషిని కల్పించడానికి బద్ధకం. "నిన్ను కథలో పెట్టినాను" అని మాత్రం చెప్పాను. దొంగవని చెప్పలేదు.

పత్రిక వచ్చింది. బొమ్మ గీసినవాడు మచ్చను శ్రద్ధగా గీశాడు. పెద్దాయన ఒక ప్రతిని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని టీ అంగడిలో, ఇస్త్రీ బండి దగ్గర, చివరికి లాడ్జి ఓనరుకు కూడా చూపించాడు. "సూడండి, ఇది నేనే!" చదివినవాళ్లు నవ్వితే మెచ్చుకుంటున్నారనుకున్నాడు. అప్పుడైనా నేను నిజం చెప్పాల్సింది. ఆయన సంతోషం చెడగొట్టడం ఎందుకులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిరికితనం, ఇంకేం కాదు.

పది రోజులకు అదే లాడ్జిలో ఒక యాత్రికురాలి గొలుసు కనబడలేదు. పెద్దాయన మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

"ఓనరు పని తీసేస్తానంటా ఉండాడు సామీ. అది ఉత్త కథేనని వొచ్చి ఒక్క మాట సెప్పు. ఇరవై ఏండ్లుగా ఆడనే ఉండా. ఈ వయసులో యాడికి పోయేది?"

వెళ్లాను. ఓనరు పత్రిక బల్ల మీద పరిచి ఒకే ప్రశ్న వేశాడు.

"ఈ అద్దాలు ఊడదీసే ఉపాయం నీ సొంతమా అప్పా, ఈయప్ప సెప్పినాడా?"

"నాదే" అంటే సరిపోయేది. కానీ ఆ అద్దాల సంగతి నీకెట్లా తెలుసని నా మీదికి తిరుగుతాడేమోనని భయం. కథల్లో రౌడీలను గడగడలాడించే డిటెక్టివ్‌ను పుట్టించినవాణ్ణి, ఆ బల్ల ముందు తల వంచుకున్నాను. ఓనరుకు అది చాలింది. పెద్దాయన్ని ఆ పూటే పంపించేశాడు.

మూడో రోజు ఆ యాత్రికురాలి ఇంటినుంచి ఫోనొచ్చింది. గొలుసు విడిచిన చీర మడతల్లో దొరికిందట. పెద్దాయన్ని మళ్లీ పిలవమని అడగడానికి వెళితే, "దొంగని పేరు పడినోణ్ణి ఎట్ల పెట్టుకునేదప్పా?" అన్నాడు ఓనరు. పేరు పెట్టింది నేనని అరవాల్సింది. ఆయన తెప్పించిన టీ తాగి వచ్చాను.

కొన్నేళ్లకు పూతలపట్టు క్రాసులో బస్సు ఆగితే, ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్ముతూ పెద్దాయన కనిపించాడు. నన్ను చూసి కిటికీ దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మనవరాలితో ఆ కథ సదివించుకున్నా సామీ, మొదుట్నించీ కడదాకా. నేను దొంగతనం ఎందుకు సేసినానో యాడా లేదే. బిడ్డకు జబ్బనో, ఆకలనో... ఏదో ఒకటి రాసుండచ్చు గదా?"

రాయలేదు. అసలు ఆ ఆలోచనే రాలేదు నాకు. మచ్చ ఏ చెంప మీద ఉందో మాత్రం సరిగ్గా రాశాను.