గీజర్ వాల్వు మూసేసిన ఇంట్లో నా కుడిచెయ్యి

ఆ రోజు పొద్దున గీజర్ చప్పుడే నాకు నచ్చలేదు. లోపల ఎవరో గులకరాళ్ళు కుదిపినట్టు గడగడమంది. కుళాయి తిప్పితే నీళ్ళకు బదులు ఆవిరి కక్కింది. భయపడి కుళాయి కట్టేసి, స్విచ్ ఆపుదామని కుడిచెయ్యి చాచాను. అంతే, గీజర్ కింద పైపు ఊడి వచ్చింది. మరిగిన నీళ్ళు మోచేతి దాకా కొట్టాయి. నా అరుపుకు శాలిబండలో మా గల్లీ మొత్తం బయటికి వచ్చిందట.

గీజర్‌లోకి చల్లనీళ్ళు పోయే చోట చిన్న సేఫ్టీ వాల్వు ఉంటుంది. నీళ్ళు కాగి లోపల ఒత్తిడి పెరిగితే దాంట్లోంచి కొన్ని చుక్కలు బయటికి కారతాయి. మా ఇంట్లో ఆ చుక్కలు పోయే గొట్టం గోడ దాటి వాకిట్లోకి దిగేది. సరిగ్గా అక్కడే మా అత్తమ్మ మడిచీర ఆరేసుకునేది, ఎండ తగిలేది అక్కడొక్కచోటే మరి. "తానాల అర్రల నీళ్ళు నా మడి మీద పడ్తున్నయ్. ఇగ నేను దేవుని కాడ ఎట్ల కూసోవాలె?" అని రోజూ లొల్లి. వినీ వినీ విసిగి మా ఆయన ఆ గొట్టాన్ని మడిచి తీగతో బిగించి కట్టాడు. చుక్క ఆగింది. అత్తమ్మ సంతోషపడింది. ఆ చుక్క ఎందుకు కారుతుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చెయ్యి చూడగానే కోప్పడింది. "టూత్‌పేస్ట్ ఎవరు పూశారమ్మా? చల్లని నీళ్ళ కింద పెట్టి తీసుకురావాల్సింది. సెకండ్ డిగ్రీ బర్న్స్, కొన్నిచోట్ల డీప్‌గా ఉంది." పూసింది అత్తమ్మే. తల వంచుకుని నిలబడింది, పాపం. పుండులో క్రిములు చేరాయేమోనని కల్చర్ టెస్ట్‌కు ఇచ్చారు, డ్రెస్సింగ్ మొదలుపెట్టారు. కట్టు విప్పిన ప్రతిసారీ నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. తొడ నుంచి చర్మం తీసి గ్రాఫ్ట్ వేశారు. ఇన్ఫెక్షన్ వచ్చి సగం ఊడిపోయింది. మళ్ళీ వేశారు.

ఇదంతా ఒక ఎత్తు, మా తోటికోడలు సునీత ఒక ఎత్తు. పై అంతస్తులో మా మరిది, ఆమె ఉంటారు. నేను మంచాన పడగానే మా కూతురు నిత్యను పైకి తీసుకుపోయింది. ఒకరోజు సాయంత్రం నిత్య ఆస్పత్రికి వచ్చింది, రెండు జడలతో, వెంట్రుక చెదరకుండా.

"ఎవరేసిండ్రే?" అన్నాను.

"చిన్నమ్మ. నీ కంటె మంచిగేస్తది మమ్మీ."

చెయ్యి ఎలాగూ మండుతోంది, మిగతా ఒళ్ళు కూడా మండింది. సునీత టిఫిన్ డబ్బా విప్పుతూ నవ్వింది. మోచేతుల దాకా నున్నటి చేతులు, నిండా గాజులు. నర్సులేమో "మీ చెల్లెలు ఎంత మంచిదండీ!" అంటారు. చెల్లెలట! నాకు ఆమె మీద కుళ్ళు పుట్టింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఆమె తెచ్చిన పప్పు బాగుందని కూడా ఏడుపొచ్చింది. నా చెయ్యి రాకపోతే నా పిల్ల ఇక ఆమె పిల్లే అయిపోతుందని భయం.

డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది: "నొప్పి అని ఊరుకుంటే వేళ్ళు బిగుసుకుపోతాయి. కాంట్రాక్చర్ వస్తే మళ్ళీ ఆపరేషన్." ఫిజియోథెరపీలో అందరూ దేవుణ్ణి తలచుకుని పిడికిలి బిగిస్తారేమో, నేను సునీతను తలచుకుని బిగించాను. బాగా పనిచేసింది.

ఇంటికి వచ్చాక ప్లంబర్ సలీం భాయ్ తీగ కట్టిన గొట్టం చూసి నెత్తి కొట్టుకున్నాడు. "క్యా జీ, ఇది ఎవ్వరన్న బంద్ జేస్తరా? థర్మోస్టాట్ ఖరాబైంది, నీళ్ళు మస్లుతనే ఉన్నయ్. పెషర్ యాడికి పోవాలె?" థర్మోస్టాట్, వాల్వు రెండూ మార్చి, గొట్టాన్ని బాత్రూంలోనే నీళ్ళు పోయే మోరీలోకి తిప్పాడు. వాల్వును పరీక్షించడం కూడా చూపించాడు. స్విచ్ ఆపి, నీళ్ళు చల్లారాక, వాల్వు మీదున్న చిన్న పిడిని ఎత్తాలి. నీళ్ళు రావాలి, వదిలితే ఆగాలి.

కానీ నిత్య మా బాత్రూంలో అడుగుపెట్టనంది, భయం. స్నానం కూడా పైనే. సునీతేమో, "మా గీజర్‌కు ఫికరే లేదక్కా. కొన్నప్పటి సంది ఒక్క సుక్క కార్లే" అంది. ఆ గొప్ప వినలేకపోయాను. ఏదో ఒక వంక దొరక్కపోదా అని, మధ్యాహ్నం ఆమె పడుకున్నప్పుడు వాళ్ళ బాత్రూంలోకి పోయాను. స్విచ్ ఆపే ఉంది. బిగుసుకున్న నా వేళ్ళతోనే పిడి ఎత్తబోయాను. కదల్లేదు. ఎడమచేత్తో ఎత్తినా కదల్లేదు. బోరు నీళ్ళ ఉప్పు తెల్లగా గడ్డకట్టి ఉంది. గొట్టం చివర ఎండి ఉంది.

నాకు ముందు కలిగింది సంతోషం. దొరికావే సునీతా, అనుకున్నాను. తిరిగి చూస్తే కొక్కేనికి నిత్య తువ్వాలు. అక్కణ్ణుంచే అరిచాను.

"సునీతా! లెవ్వు! ఈ గీజర్ స్విచ్ ఎవ్వరు ఎయ్యద్దు!"

లేచి పరుగెత్తుకొచ్చింది. సలీం భాయ్ సాయంత్రం ఆ వాల్వు విప్పితే లోపల రంధ్రం ఉప్పుతో పూడిపోయి ఉంది. సునీత నా కాలిన చెయ్యి పట్టుకుని, "అక్కా, పొద్దున గూడ పిల్లకు నేనే స్విచ్ ఏసిన" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అయితే కుళ్ళు పోయిందా అంటే, పోలేదు.

ఇప్పుడు చేతికి, మచ్చలు ఉబ్బకుండా బిగుతుగా పట్టే ప్రెషర్ గ్లవ్ వేసుకుంటున్నాను. చిటికెనవేలు పూర్తిగా ముడుచుకోదు, చలికి దురద పెడుతుంది. జడ వేస్తాను కానీ వదులుగా వస్తుంది. బడి ఉన్న రోజు నిత్య ఇప్పటికీ పైకే పోతుంది.

ఇది చదివేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. గీజర్ కాగేటప్పుడు వాల్వు చుక్కలు కారితే కారనివ్వండి, ఏ కారణానికీ ఆ దారి మూయకండి. అసలు కారకపోయినా, ఆగకుండా కారినా ప్లంబర్‌ను పిలవండి. బోరు నీళ్ళయితే అప్పుడప్పుడు పిడి ఎత్తి చూడండి, పట్టేస్తే ఆ రోజే కొత్తది వేయించండి. మా ఇంట్లో కిందా పైనా వాల్వు చూసేది నేనే. జడలు సునీత వేస్తే వేసుకోనీ, ఆ పిడి మీద మాత్రం ఆమెను చెయ్యి వేయనివ్వను.