దర్జీ అత్త నాలుగు చక్రాలు

మా మేనత్త దర్జీ. ఆమె కుట్టిన చొక్కా జేబులో నీళ్లు పోస్తే సాయంత్రం దాకా చుక్క కారదు. పోసి చూశాను కాబట్టే చెబుతున్నాను. నన్ను చూసి భయపడి చదువు తొమ్మిదో తరగతిలోనే పారిపోయింది గానీ, ఇలాంటి పరీక్షల్లో ఎప్పుడూ నేనే ఫస్టు.

మోకాళ్లు మొరాయించాక అత్తకు దుకాణం దాకా నడవడం గండమైంది. ఆమె తమ్ముడు, అంటే మా నాన్న, దుకాణం మూసెయ్యమని పోరు పెట్టాడు. చివరికి, నడవలేనివాళ్లు కూర్చుని గదుల్లోకి కూడా నడుపుకెళ్లే బ్యాటరీ స్కూటర్‌కు ఒప్పుకుంటూనే మెలిక పెట్టాడు.

"ఎవరి సాయం లేకుండా లోపలికెళ్లి, పని చేసుకుని, బయటికి రావాలక్కా. రాలేకపోయావా, తాళాలు నాకిచ్చెయ్."

"ముందు నువ్వు సాయం చెయ్యకుండా ఉండు చూద్దాం," అంది అత్త.

షోరూములో అమ్మకందారు మూడు చక్రాలది చూపించాడు. "ఇరుకులో ఇట్టే తిరుగుతుందమ్మా."

"మలుపులో ఒరిగితే లేపడానికి నువ్వొస్తావా?" అని అత్త మెడలోని టేపు తీసి నాలుగు చక్రాలదాన్ని కొలిచింది. దుకాణం గుమ్మంలో పట్టి, ఇంకా అటూ ఇటూ వేలెడు వదులుంటుంది. అదే కొంది. ఆపకపోతే అమ్మకందారు నడుం కూడా కొలిచేదే.

మొదటి రోజు పొద్దున అత్త దారిలో ఒక లారీని దాటేసింది. అది ఆగి ఉన్న లారీ అని గిట్టనివాళ్లు అంటారు. గుమ్మం ముందు వేయించిన చెక్క వాలు ఎక్కి నేరుగా దుకాణంలోకి దూరింది. తీరా చూస్తే కత్తిరించే బల్లకీ మిషనుకీ మధ్య బండి తిరగదు! వెడల్పు కొలిచింది గానీ, తిప్పడానికి ఎంత చోటు కావాలో కొలవలేదు. బట్ట కత్తిరించే మనిషి కదా, బల్ల మీది గుడ్డ మలుపు తిరగాల్సిన పనేముంది?

గుమ్మంలో నాన్న చెయ్యి చాచాడు. "తాళాలు."

"సాయంత్రం కానీ," అంది అత్త. సీటు కింద మీట నొక్కింది. బండి కదల్లేదు, సీటు మాత్రం మిషను వైపు తిరిగింది. రోజంతా కుట్టింది.

సాయంత్రం నాన్న మళ్లీ గుమ్మంలో నిలబడ్డాడు. అత్త సీటు ముందుకు తిప్పుకుంది. ఎదురుగోడకు నిలువుటద్దం ఉంది, కొత్త బట్టలు తొడుక్కున్నవాళ్లు చూసుకునేది. మెడ తిప్పకుండా అందులో గుమ్మాన్ని చూస్తూ, బండిని మెల్లగా వెనక్కి నడిపింది.

"తప్పుకోరా తమ్ముడూ, నీ బొటనవేలు అద్దంలో కనిపిస్తోంది!"

నాన్న ఎగిరి వీధిలో పడ్డాడు. అత్త బండి గుమ్మాన్ని తాకకుండా బయటికొచ్చింది. ఆయన ఇక తాళాల మాటెత్తలేదు.

అత్త బ్యాటరీని పూర్తిగా దిగిపోనివ్వదు, ఇల్లు చేరగానే ఛార్జింగ్‌కు పెడుతుంది. తంటా అంతా చక్రాల ఇరుసులతోనే. దుకాణంలోని దారప్పోగులన్నీ వాటికే చుట్టుకుంటాయి. ఆదివారం నాన్న నేలమీద చతికిలబడి, పట్టుకారుతో వాటిని లాగుతాడు. ఆ దారంతో ఊరికి పందిరి అల్లొచ్చు.

"నీకంటే నీ బండే ఎక్కువ దారం వాడుతోందక్కా."

"నోరు కాదు, చెయ్యి ఆడించు. వెనక చక్రం అలాగే ఉంది."